కింది కేటగిరీ కోసం అన్నం మానేసిన చెల్లె

ప్రశ్న: మేడమ్, మాది నిజామాబాద్ దగ్గర ఊరు. నాన్న ఆర్టీసీ డ్రైవర్, అమ్మ ఇంట్లో బీడీలు చుడుతుంది. నేను హైదరాబాద్‌లో డిగ్రీ ఆఖరి సంవత్సరం. మా చెల్లెకు 17 ఏళ్లు, బాక్సింగ్ ఆడుతుంది. రాష్ట్ర స్థాయిలో మెడల్స్ కూడా వచ్చాయి. జూన్‌లో కోచ్ సర్ ‘నాలుగు కిలోలు తగ్గి కింది కేటగిరీలో ఆడితే నేషనల్స్ ఖాయం’ అన్నారట. అప్పటి నుంచి అన్నం మానేసింది. పొద్దున రెండు గుడ్ల తెల్లసొన, మధ్యాహ్నం కీర ముక్కలు, రాత్రి ఏమీ లేదు. ఎండలో స్వెట్ సూట్ వేసుకుని పరిగెడుతుంది. దసరాకు ఇంటికి వెళ్తే, అర్ధరాత్రి వంటగదిలో గిన్నెడు అన్నం, డబ్బాలో మురుకులన్నీ తినేసి, బాత్రూంలో వాంతి చేసుకుంటూ నా కంట పడింది. బరువు చూసే ముందు సీనియర్ అక్క ఇచ్చిన నీళ్ల గోలీలు (మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్రలు) కూడా వేసుకుంటోంది. నెలసరి వచ్చి అయిదు నెలలైంది. ఒకసారి ప్రాక్టీస్‌లో కళ్లు తిరిగి పడిపోయింది. రాత్రంతా ఫోన్‌లో వంటల వీడియోలే చూస్తుంది. మా అందరికీ బగారా అన్నం వండి పెడుతుంది, తను ముట్టదు. అడిగితే ‘నిఖత్ అక్క కూడా బరువు తగ్గే ఆడింది, ఇది డిసిప్లిన్’ అంటుంది. ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు వేయించుకుంది. ఇంట్లో చెబితే ఆట మాన్పిస్తారు. ఆడపిల్లకు బాక్సింగ్ ఏంటని చుట్టాలు ఇప్పటికే అంటున్నారు. జనవరిలో పోటీలున్నాయి. ఇది ఆటలో మామూలేనా, జబ్బా? నేనేం చెయ్యాలి?
ఒక అక్క

సమాధానం: వయసులో చిన్నదానివి కాబట్టి నువ్వు అనే పిలుస్తాను. మామూలు కాదు. నువ్వు రాసినవన్నీ ఒకచోట పెట్టి చూస్తే ఇది జబ్బే, అదీ ఆలస్యం చెయ్యకూడని దశలో ఉంది. ఒట్టు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఈ ఉత్తరం చదివిన రోజే అమ్మకు ఫోన్ చెయ్యి. ఒకటి రెండు రోజుల్లో చెల్లెను ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అంత తొందర ఎందుకో చెబుతాను. వాంతులతో ఒంట్లోని పొటాషియం పోతుంది. నీళ్ల గోలీలతోనూ పోతుంది. చెమటతో ఉప్పూ నీరూ పోతాయి. ఈ మూడూ ఒకే పిల్లలో కలిశాయి, పైగా ఒకసారి స్పృహ తప్పింది. పొటాషియం బాగా పడిపోతే గుండె లయ తప్పుతుంది. అది చెప్పి రాదు. ముందురోజు వరకు రింగ్‌లో చురుగ్గా ఉన్నవాళ్లకూ రావచ్చు. అందుకే ముందు ఈసీజీ, రక్తంలో సోడియం, పొటాషియం, ఫాస్ఫేట్, మెగ్నీషియం, షుగర్, కిడ్నీ పరీక్షలు చేయించాలి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్, విటమిన్ డి కూడా చూడమని అడగండి. నెలసరి ఆగింది కాబట్టి డాక్టర్ గర్భ పరీక్ష కూడా రాస్తారు. అది ఎవరికైనా రాసేదే, అనుమానంతో కాదు. ఈ మాట అమ్మకు ముందే చెప్పి ఉంచు, ఆసుపత్రిలో గొడవ కాకుండా ఉంటుంది. నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి మెడికల్ కాలేజీ ఆసుపత్రి కాబట్టి మొదటి అడుగు అక్కడే వెయ్యొచ్చు. మళ్లీ కళ్లు తిరిగినా, గుండె దడదడలాడినా, ఛాతీలో నొప్పి వచ్చినా, కాళ్లూ చేతులూ లాగేసినా, వాంతిలో రక్తం కనబడినా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు. నేరుగా క్యాజువాలిటీకి వెళ్లండి.

డాక్టర్ దగ్గర వాంతుల సంగతి, గోలీల సంగతి దాచొద్దు. ‘నీరసంగా ఉంటోంది’ అని మాత్రమే చెబితే ఒక టానిక్ రాసి పంపేస్తారు. క్రీడాకారుల విషయంలో ఇంకో చిక్కుంది. బాగా సాధన చేసేవాళ్లకు నాడి మామూలుగానే నెమ్మదిగా కొట్టుకుంటుంది. తిండి లేక గుండె నెమ్మదించినా ‘స్పోర్ట్స్ పర్సన్ కదా, మంచిదే’ అనేసే అవకాశం ఉంది. పడుకున్నప్పుడు, లేచి నిలబడ్డాక నాడి, బీపీ రెండుసార్లూ చూడమని అడగండి. రిపోర్టులు నార్మల్ వచ్చినా జబ్బు లేదని కాదు. శరీరం చాలాకాలం సర్దుకుంటూ వస్తుంది, రక్త పరీక్షలు చివర్లో గానీ మారవు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్నకు వస్తాను. డిసిప్లినా, జబ్బా అని తేల్చుకోవడం ఆటల్లో నిజంగానే కష్టం. ఇంట్లో ఉండే అమ్మాయి అన్నం మానేస్తే నలుగురూ అడుగుతారు. అదే ఆటగత్తె మానేస్తే ‘ఎంత పట్టుదలో’ అంటారు. తూకం చూసుకోవడం, తిండి కొలుచుకోవడం, నొప్పి ఓర్చుకోవడం ఆటలో మెచ్చుకునే గుణాలు. ఈ జబ్బు దాక్కునేది కూడా వాటి వెనకే. నార్వేలో అగ్రశ్రేణి క్రీడాకారులు 1,600 మందికి పైగా, ఆటలు ఆడని వాళ్లు ఇంచుమించు అంతే మంది మీద చేసిన అధ్యయనం 2004లో వచ్చింది. ఆడే అమ్మాయిల్లో నూటికి 20 మందికి తిండి జబ్బు ఉన్నట్టు తేలింది. ఆడని ఆడవాళ్లలో అది 9. ఆడే అబ్బాయిల్లో 8 మందికి ఉంటే ఆడని మగవాళ్లలో ఒక్కరికి కూడా పూర్తిగా లేదు, అర శాతమే. బరువు కేటగిరీలు ఉన్న ఆటల్లో, సన్నగా ఉండాలనే ఆటల్లో ఈ బెడద ఎక్కువ. కాబట్టి మీ చెల్లెకేదో వింత జబ్బు వచ్చిందని ఇంట్లో ఎవరూ అనుకోవద్దు.

ఇది ఒక్కరోజులో వచ్చే జబ్బు కాదు. మొదట అన్నం తగ్గించడం, స్వీట్లు మానడం, పెళ్లికి వెళ్లినా డబ్బా పట్టుకెళ్లడం లాంటివి మొదలవుతాయి. డాక్టర్లు దీన్ని డిజార్డర్డ్ ఈటింగ్ అంటారు, అంటే తిండి తీరు చెడటం. దాన్ని ఎవరూ పట్టించుకోకపోతే కొందరిలో అది ఈటింగ్ డిజార్డర్ అవుతుంది. తిండి బాగా తగ్గించి, బరువు పెరుగుతుందనే భయంతోనే బతికితే అనొరెక్సియా. ఆగకుండా తినేసి, దాన్ని వాంతులతోనో మందులతోనో విపరీతమైన వ్యాయామంతోనో వదిలించుకునే తీరు బులీమియా. ఏ పేరు సరిపోతుందో సైకియాట్రిస్ట్ తేలుస్తారు. మీరు గుర్తుంచుకోవాల్సింది ఒకటే: బులీమియా ఉన్నవాళ్లు చాలామంది మామూలు బరువుతోనే కనబడతారు. ‘ఎముకల గూడులా ఏం లేదు కదా’ అని నాన్న అంటే ఈ మాట చెప్పు.

జబ్బో కాదో ఇంట్లోవాళ్లు గుర్తుపట్టడానికి నేను చూసేది కిలోలు కాదు. ఆ నియమం ఒకరోజు తప్పితే ఏమవుతుందో చూస్తాను. ఆట కోసం తిండి జాగ్రత్తగా తినే పిల్ల పండగనాడు ఒక బూరె తింటుంది, మరుసటి రోజు మామూలుగా ప్రాక్టీస్‌కు వెళ్తుంది. జబ్బులో ఉన్న పిల్ల ఆ బూరెకు ఏడుస్తుంది, దాన్ని ‘కరిగించడానికి’ రాత్రి పరిగెడుతుంది, లేదా అసలు ఆ ఇంటికే వెళ్లదు. పోటీ అయిపోయినా తినడం మళ్లీ మామూలుకు రాదు. అబద్ధాలు మొదలవుతాయి. ‘స్టేడియంలో తినేశాను’ అన్న మాట మీ ఇంట్లో ఎన్నిసార్లు వినబడుతోందో అమ్మను అడుగు.

నెలసరి గురించి విడిగా చెప్పాలి. ‘పీరియడ్స్ ఆగాయంటే ట్రైనింగ్ బాగా జరుగుతున్నట్టు’ అనే మాట సీనియర్ అమ్మాయిల మధ్య తిరుగుతూ ఉంటుంది. అది పచ్చి అబద్ధం, దాన్ని ఎంత గట్టిగా ఖండించినా తక్కువే. మనం తిన్నదాంట్లోంచి ముందు ప్రాక్టీస్ తన వాటా లాగేసుకుంటుంది. మిగిలిన దాంతోనే గుండె, మెదడు, ఎముకలు, హార్మోన్లు, రోగాలతో పోరాటం అన్నీ నడవాలి. అలా మిగిలే శక్తి కొవ్వు తీసేసిన ఒంటి బరువులో కిలోకు రోజుకు 45 కేలరీల దాకా ఉంటే అన్నీ సవ్యంగా నడుస్తాయని, 30 కన్నా దిగితే ఒళ్లు ఒక్కొక్కటే ఆపేస్తుందని పరిశోధకుల లెక్క. ఆ గీత అందరికీ ఒకేచోట ఉండదనుకో. మీ చెల్లెకు కొవ్వు తీసేస్తే 40 కిలోలు ఉందనుకుందాం. ప్రాక్టీస్ పోగా 1,800 కేలరీలు మిగలాలి. ప్రాక్టీస్‌కు 600 ఖర్చయితే రోజుకు 2,400 తినాలి. ఆమె తినే తెల్లసొన, కీర ముక్కలు ఆ 600కే చాలవు. అందుకే ఒళ్లు పిల్లల్ని కనే పనిని మొదట ఆపేసింది. ఈ లెక్క నీకు అర్థం కావడానికే చెప్పాను. చెల్లె ముందు కేలరీల మాటే ఎత్తొద్దు, ఆమె తలలో ఆ లెక్కలు ఇప్పటికే ఎక్కువయ్యాయి.

నెలసరి ఆగినప్పుడు ఈస్ట్రోజెన్ తగ్గుతుంది, దానితో ఎముకలు గట్టిపడటం ఆగుతుంది. ఎముకల బలం చాలావరకు ఇరవై ఏళ్లలోపే కూడుతుంది. ఈ వయసులో పోగొట్టుకున్నది తర్వాత పూర్తిగా రాకపోవచ్చు. చాలామంది అమ్మాయిల ఆట ఆగిపోయేది ఓటమితో కాదు, ఇలా వచ్చే స్ట్రెస్ ఫ్రాక్చర్లతో. అమెరికా రన్నర్ మేరీ కెయిన్ 17 ఏళ్లకే ప్రపంచ స్థాయి పోటీలకు వెళ్లింది. బరువు తగ్గమని కోచింగ్‌లో ఒత్తిడి పెట్టారని, మూడేళ్లు నెలసరి రాలేదని, అయిదు ఎముకలు విరిగాయని 2019లో తనే బయటపెట్టింది. ఇంకొకటి. నెలసరి తెప్పించడానికి ఎవరైనా హార్మోన్ మాత్రలు రాసిస్తే ‘వచ్చింది కదా, తగ్గిపోయింది’ అనుకోవద్దు. ఆ మాత్రలతో రక్తస్రావం కనబడుతుంది గానీ ఎముకలకు రక్షణ రాదు, అసలు లోటు కప్పబడిపోతుంది. లోటు తిండిలో ఉంది, తిండితోనే పూడాలి.

దీన్నంతా కలిపి క్రీడా వైద్యులు రెడ్-ఎస్ అంటున్నారు, అంటే ఆటకు తగినంత తిండి అందక ఒళ్లు దెబ్బతినడం. మొదట అమ్మాయిల్లో తిండి, నెలసరి, ఎముకలు మూడింటినీ కలిపి చూసేవారు. అబ్బాయిలకూ ఇదే జరుగుతుందని, గుండె, మనసు, పేగులు అన్నీ దెబ్బతింటాయని 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఈ పేరు పెట్టింది. 2023లో దాన్ని సవరించినప్పుడు ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అని ప్రమాద స్థాయిలు ఇచ్చింది. వాంతులు, మందులు, స్పృహ తప్పడం కలిసిన పిల్లను డాక్టర్ చూసి చెప్పేదాకా ఎరుపులో ఉన్నట్టే అనుకోవాలని నా అభిప్రాయం. అంటే అప్పటిదాకా రన్నింగ్ లేదు, స్పారింగ్ లేదు.

వంటల వీడియోలు నీకు విచిత్రంగా అనిపించాయి కదా. నాకు నీ ఉత్తరంలో అన్నింటికన్నా స్పష్టమైన ఆనవాలు అదే. 1944, 45 సంవత్సరాల్లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులు స్వచ్ఛందంగా ఒక ప్రయోగానికి ఒప్పుకున్నారు. ఆరు నెలలు సగం తిండి మీద ఉన్నారు, ఇంచుమించు పాతిక శాతం బరువు తగ్గారు. వాళ్లలో ఎవరికీ సన్నబడాలనే కోరిక లేదు. అయినా కొన్ని వారాల్లోనే తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంట పుస్తకాలు కూడబెట్టారు, ఒక్కో పూట భోజనాన్నీ చాలాసేపు సాగదీసి తిన్నారు, చిరాకు, దిగులు, ఎవరితోనూ కలవకపోవడం మొదలైంది. మళ్లీ తిండి దొరికాక కొందరు ఆపుకోలేక తిన్నారు. వీటిలో చాలావరకు మీ చెల్లెలో ఉన్నాయి. అంటే నువ్వు చూస్తున్న కోపం, మొండితనం, రాత్రి గిన్నెడు అన్నం తినడం ఆమె గుణం కాదు, ఆకలి చేయిస్తున్న పని. రాత్రి తినడాన్ని ఆమె తన ఓటమిగా లెక్కేసుకుంటోంది, అందుకే సిగ్గుపడి వాంతి చేసుకుంటోంది. పగలు కడుపు మాడ్చుకోకపోతే రాత్రి ఆ ఆత్రం రాదని ఎవరో ఒకరు ఆమెకు చెప్పాలి. వాంతుల వల్ల పళ్ల మీద పింగాణీ పొర కూడా కరుగుతుంది. ఆ వెంటనే బ్రష్ చేస్తే ఇంకా అరుగుతుంది, నీళ్లతో పుక్కిలించమని చెప్పు.

నిఖత్ జరీన్ మాటకొద్దాం. మీ జిల్లా అమ్మాయి, చెల్లె ఆమెను ఆరాధించడం సహజం. ఆమె 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో, 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్. చెల్లె ఈ రెండో మెడల్ చూపించి నీతో వాదిస్తుంది, సిద్ధంగా ఉండు. ఒలింపిక్స్‌లో 52 కిలోల విభాగం లేకపోవడం వల్ల ఆమె 50కి దిగాల్సి వచ్చింది. 2024 పారిస్‌లో చైనా బాక్సర్ వూ యూ చేతిలో ఓడాక, బరువు కోసం రెండు రోజులు తిండీ నీళ్లూ లేకుండా ఉన్నానని, తేరుకునే సమయమే దొరకలేదని ఆమే చెప్పింది. ఆమెకు ఈ జబ్బు ఉందని నేను అనడం లేదు. అనుభవం, చుట్టూ నిపుణులు ఉన్న ప్రపంచ చాంపియన్‌కే అది అంత భారమైతే, స్టేడియం నుంచి ఒంటరిగా ఇంటికొచ్చి గోలీ మింగే 17 ఏళ్ల పిల్ల సంగతేమిటని చెల్లెను అడగొచ్చు.

అదే పారిస్‌లో కుస్తీ క్రీడాకారిణి వినేశ్ ఫోగట్ కథ దేశమంతా చూసింది. 53 కిలోల్లో ఆడే మనిషి 50లోకి దిగింది. ఫైనల్ రోజు పొద్దున, ఆగస్టు 7న, 100 గ్రాములు ఎక్కువ తూగి అనర్హురాలైంది. రాత్రంతా వ్యాయామం చేసినా, జుట్టు కత్తిరించుకున్నా ఆ 100 గ్రాములు దిగలేదు. ఒంట్లో తీయడానికి నీరు మిగలనప్పుడు పట్టుదల ఎంత ఉన్నా ఉపయోగం ఉండదు. బాక్సింగ్‌లోనూ బౌట్ ఉన్న ప్రతిరోజూ పొద్దున బరువు చూస్తారు. టోర్నమెంట్‌లో ముందుకు వెళ్లేకొద్దీ రోజూ ఎండబెట్టుకోవాలి. అలా నీరు తగ్గిన ఒంటితో రింగ్‌లోకి దిగితే చేతులు బరువెక్కుతాయి, గుద్దు వచ్చేది కనబడినా తల పక్కకు తిప్పడం ఆలస్యమవుతుంది. తలకు తగిలే ఆటలో ఆ క్షణం ఆలస్యం ఎంత ప్రమాదమో చెల్లెకు మనకన్నా బాగా తెలుసు.

స్వెట్ సూట్ అసలు ఇంట్లో ఉండొద్దు. 1997 నవంబర్, డిసెంబర్ నెలల్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు కొన్ని వారాల తేడాలో చనిపోయారు. ముగ్గురూ చెమట పట్టించే సూట్లు వేసుకుని, వేడిలో వ్యాయామం చేసి బరువు దించుకుంటూ కుప్పకూలినవాళ్లే. ఆ తర్వాతే అక్కడి కాలేజీ క్రీడల సంస్థ ఆ సూట్లనూ, సౌనాలనూ, నీళ్ల మందులనూ నిషేధించింది. సీజన్ మొదట్లోనే ఒంట్లో తగినంత నీరుందో లేదో పరీక్షించి, ఒక్కొక్కరు ఎంతకన్నా దిగకూడదో ఖాయం చేసే పద్ధతి పెట్టింది. ముగ్గురు పోతే గానీ అది జరగలేదు. మన దగ్గర ఇప్పటికీ మండుటెండలో పిల్లలకు ఆ సూట్లు తొడిగి పరిగెత్తించే కోచ్‌లు ఉండటం నాకు చాలా బాధగా ఉంటుంది.

నీళ్ల గోలీల మీద ఇంకో మాట. ఫ్యూరోసెమైడ్ లాంటివన్నీ ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధించిన మందులు. పోటీ రోజే కాదు, ఏ రోజు శాంపిల్‌లో దొరికినా తప్పే. సీనియర్ ఇచ్చిందంటే ఎవరూ ఒప్పుకోరు. ఆరోగ్యం గురించి చెబితే వినని పిల్ల ఈ మాటకు ఆగొచ్చు. దీన్ని వాడుకో, కానీ బెదిరింపులా కాదు.

ఇక ఒట్టు. నువ్వు దాన్ని తప్పాలి. దానివల్ల చెల్లె కొన్నాళ్లు నీతో మాట్లాడకపోవచ్చు, ‘నిన్ను నమ్మడం నాదే తప్పు’ అనొచ్చు. ఆ మాట గుచ్చుకుంటుంది, తెలుసు. అయినా చాటుగా చెప్పొద్దు, ఆమెకు ముందే చెప్పు. ఏం చెప్పాలో వెతుక్కుంటావేమో, ఇలా మొదలుపెట్టు: ‘నీ ఒట్టు తప్పుతున్నా. కోపం వస్తే నన్ను తిట్టు. నువ్వు కింద పడ్డావని విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టట్లేదు. అమ్మకు ఇవాళ చెబుతా. నువ్వు పక్కన ఉంటే ఉండు, లేకపోతే నేనే చెబుతా.’ అంతే. బరువు గురించి, అందం గురించి, ‘ఎంత చిక్కిపోయావే’ అని కూడా అనొద్దు. ఈ జబ్బులో అది మెచ్చుకోలులా వినిపిస్తుంది. ‘బతకాలని లేదా, చచ్చిపోవాలనిపిస్తోందా’ అని కూడా నెమ్మదిగా, సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. అవునంటే ఆమెను ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. నీ టెన్షన్ చెప్పుకోవడానికైనా అదే నంబర్.

అమ్మానాన్నల దగ్గర కథ ఆట నుంచి మొదలుపెట్టకు, ఆసుపత్రి నుంచి మొదలుపెట్టు. ‘చెల్లెకు ఒంట్లో బాగాలేదు, ఈసీజీ తీయించాలి’ అను. నాన్న ‘అందుకే ఆడపిల్లకు ఆటలు వద్దన్నా’ అంటే, నీ సమాధానం గట్టిగా ఉండాలి. కొన్నాళ్లు ఆపుదాం, మాన్పించొద్దు. ఆటే పోతుందంటే ఆమెకు కోలుకోవాలన్న ఆశ కూడా పోతుంది, ఇంకా దాచిపెడుతుంది. తిరిగి రింగ్‌లోకి వెళ్లడం అనే గమ్యం వైద్యంలో మనకు దొరికే పెద్ద బలం. దాన్ని మన చేతులతో మనమే తీసేసుకోవద్దు.

తిండి విషయంలో అమ్మ ఇంట్లోనే ఉండటం మీ అదృష్టం. ఈ వయసు పిల్లలకు బాగా పనిచేసే పద్ధతి ఒకటి లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రిలో మొదలైంది. ఏం తినాలి, ఎంత తినాలి అన్న నిర్ణయం కొంతకాలం పిల్ల చేతుల్లోంచి తీసుకుని అమ్మానాన్నలు చూస్తారు, డాక్టర్ వాళ్లకు వెనక నిలబడతారు. మెల్లగా మళ్లీ పిల్లకు అప్పజెబుతారు. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండు మూడు సార్లు చిరుతిండి, ఎప్పుడూ ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి. తిన్నాక గంటసేపు ఆమె ఒంటరిగా బాత్రూంకు వెళ్లకుండా ఏదో ఒక పనిలో, కబుర్లలో కలుపుకోవాలి. అమ్మ బీడీలు చుడుతుంటే పక్కన కూర్చుని టీవీ చూసినా చాలు. డబ్బాల్లో ఖరీదైన ప్రోటీన్ పొడులు కొనక్కర్లేదు. అన్నం, పప్పు, జొన్నరొట్టె, గుడ్డు పచ్చసొనతో సహా, పెరుగు, పల్లిపట్టి, అరటిపండు, వారానికి రెండు మూడు సార్లు మాంసమో చేపో చాలు. ఒక్క జాగ్రత్త. చాలాకాలం దాదాపు ఏమీ తినని ఒంట్లోకి ఒక్కసారిగా ఎక్కువ తిండి వెళ్తే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండెకే ముప్పు వస్తుంది. డాక్టర్ చూశాకే, వాళ్లు చెప్పినట్టు పెంచాలి. ప్రేమకొద్దీ మొదటిరోజే బలవంతంగా తినిపించొద్దు. ఇంట్లో తూకం మెషీన్ ఉంటే తీసెయ్యండి. ఆసుపత్రిలో చూస్తారు, అదీ నంబర్ ఆమెకు కనబడకుండా.

సైకియాట్రిస్ట్ అనగానే ఊళ్లో ‘పిచ్చి’ అంటారని భయపడొద్దు. ఇందులో మనసుకు చేసే చికిత్స లేకుండా తిండి ఒక్కటే నిలబడదు. జిల్లాలో కుదరకపోతే హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాల ఉంది, ఇంకా అవసరమైతే బెంగళూరు నిమ్హాన్స్ ఉంది. కోలుకోవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాదికి పైగా పడుతుంది. మధ్యలో వెనక్కి వెళ్లడమూ ఉంటుంది, దానికి కంగారుపడొద్దు. మోలీ సైడెల్ అనే అమెరికా రన్నర్ కాలేజీ చాంపియన్‌గా ఉన్న రోజుల్లోనే, పెద్ద కంపెనీల ఒప్పందాలు పక్కన పెట్టి 2016లో తిండి జబ్బుకు చికిత్సకు వెళ్లింది. 2021లో టోక్యో ఒలింపిక్స్ మారథాన్‌లో కాంస్యం గెలిచింది. చెల్లెకు ఆమె గురించి చెప్పు. ఈసారి ఫోన్‌లో ఆమె పరుగు వీడియో చూపించు.

జనవరి పోటీలు వదిలెయ్యండి. చెల్లె గోల పెడుతుంది, అయినా ఈ విషయంలో బేరం లేదు. కోచ్ సర్ దగ్గరకు నువ్వు కాదు, నాన్న వెళ్లాలి, చేతిలో డాక్టర్ రాసిచ్చిన కాగితంతో. తిట్టడానికి వెళ్లొద్దు. చాలామంది కోచ్‌లకు వాళ్ల కోచ్ నేర్పింది ఇదే, వేరే దారి ఎవరూ చూపించలేదు. అడగాల్సినవి మాత్రం గట్టిగా అడగాలి. డాక్టర్ రాసిచ్చేదాకా ప్రాక్టీస్ లేదు. తిరిగొచ్చాక తన సొంత కేటగిరీలోనే ఆడుతుంది. అందరి ముందు బరువు చూడటం, ఆ నంబర్ గట్టిగా చదవడం ఉండకూడదు. 17 ఏళ్ల పిల్ల ఇంకా ఎదుగుతోంది, ఎముకా కండా పెరుగుతున్నాయి. ఆమెతోపాటు కేటగిరీ పైకి వెళ్లాలి గానీ ఆమెను కిందకు లాగకూడదు. ఒప్పుకుంటే మంచిది. ‘అయితే మీ అమ్మాయికి నేషనల్స్ లేవు’ అంటే, వేరే కోచ్‌ను వెతుక్కోండి. ఆ సీనియర్ అమ్మాయి గోలీల సంగతి కూడా నాన్న అక్కడ చెప్పాలి. ఆ పిల్లా ఇదే గోతిలో ఉండి ఉంటుంది, ఆమె గురించి అడిగేవాళ్లు ఎవరూ లేరేమో.

చుట్టాలు అడిగితే ‘రక్తం తక్కువుంది, డాక్టర్ రెస్ట్ ఇచ్చారు’ అనండి. అంతకన్నా ఎవరికీ చెప్పక్కర్లేదు.